పన్నెండు బోరుకు ఏ తూటా: డెల్టా ఇళ్లకు ఎల్‌జీ, ఎస్‌జీ, బీబీ, బాల్ పోలిక

లైసెన్సు తుపాకీ ఉన్న ఇంట్లో ఆ తుపాకీ గురించి అడిగితే చెప్పడానికి బోలెడు ఉంటుంది. ఏ తాతగారు కొన్నారు, ఎక్కడి నుంచి తెప్పించారు, కర్ర ఏ చెట్టుది, అన్నీ చెబుతారు. తూటాలు ఏవండీ అంటే మాత్రం "ఏవో ఉన్నాయి లెండి, బీరువాలో" అని తేల్చేస్తారు. ఇంటి రక్షణ కోసమే లైసెన్సు తీసుకున్నామనేవాళ్లకు అసలు ఎంపిక అక్కడే ఉంది. ఒకే తుపాకీ, లోపల పెట్టిన తూటాను బట్టి పిట్టల తుపాకీ అవుతుంది, పెద్ద జంతువును పడేసే తుపాకీ అవుతుంది, తలుపు అవతల పడుకున్న మనవడి ప్రాణం మీదకీ వస్తుంది.

ఇక్కడ పోల్చేది మన దేశంలో లైసెన్సు మీద దొరికే 12 బోరు తూటాలను. అవి ఉండబోయేది కోనసీమ, భీమవరం, నరసాపురం వైపు ఇళ్లలో. ఈ రెండో సంగతి చిన్నది కాదు. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు, అమెరికాలో ఉన్న అల్లుళ్లు పంపే వీడియోలు దాదాపు అన్నీ అక్కడి ఇళ్లకు సరిపడేవి. అక్కడ లోపలి గోడలంటే చెక్క చట్రానికి కొట్టిన జిప్సం పలకలు. అందుకే "గోడ దాటుతుందా" అన్న దాని మీదే వాళ్ల చర్చంతా. మనవి ఇటుక గోడలు. తొమ్మిదంగుళాల గోడను పెల్లెట్లు, అంటే తూటాలోని సీసపు గింజలు, దాటవు. మనకు భయం తలుపుల దగ్గర, కిటికీల దగ్గర, రేకుల దగ్గర. పాత ఇళ్లలో అయితే మండువా దగ్గర.

ముందు గొట్టం మీద ఏముందో చదవండి

ఎల్‌జీయా, ఎస్‌జీయా (లోపలి గింజల సైజుల పేర్లు ఇవి) అన్న ప్రశ్న తర్వాత. ముందు తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, మడిచి, గొట్టాల అడుగున చెక్కిన అంకెలు చదవండి. బోరుతో పాటు ఛాంబరు (గొట్టంలో తూటా కూర్చునే భాగం) పొడవు ఉంటుంది. పాత ఇంగ్లీషు, బెల్జియం తుపాకుల్లో చాలావాటికి రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లు. తర్వాత వచ్చినవాటికి సాధారణంగా రెండుముప్పావు అంగుళాలు, అంటే 70 మిల్లీమీటర్లు.

65 ఛాంబరులో 70 తూటా పడుతుంది. పట్టడమే ప్రమాదం. పెట్టె మీద వేసే పొడవు, పేలాక మూతి విచ్చుకున్న తూటా పొడవు. మూతి మడిచి ఉన్న కొత్త తూటా అంతకన్నా పొట్టిగా ఉంటుంది కనుక హాయిగా లోపలికి జారిపోతుంది, తుపాకీ కూడా చక్కగా మూసుకుంటుంది. పేల్చినప్పుడు ఆ మూతి విచ్చుకోవడానికి చోటు చాలక గొట్టంలోకి పొడుచుకొస్తుంది. పెల్లెట్ల దారి ఇరుకై లోపలి ఒత్తిడి పెరుగుతుంది. డెబ్బై ఎనభై ఏళ్ల నాటి గొట్టం దాన్ని ఒకసారి ఓర్చుకోవచ్చు, రెండోసారి ఓర్చుకోకపోవచ్చు. అంకెలు అరిగిపోయి కనిపించకపోతే లైసెన్సున్న ఆయుధ దుకాణంలో కొలిపించండి. ఊహించి కొనొద్దు.

గొట్టాల మీద మెలికలు తిరిగిన చారలు కనిపిస్తే ఇంకా జాగ్రత్త. అవి డమాస్కస్ గొట్టాలు కావచ్చు. ఇనుము, ఉక్కు పట్టీలను కలిపి మెలితిప్పి, చుట్టగా చుట్టి అతికినవి అవి. నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) కాలం నాటివి. నేటి పొగలేని మందు తూటాలు వాటిలో పేల్చకూడదు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా అలాంటి తుపాకీని ఇంటి రక్షణ లెక్కలోంచి తీసేయడమే మంచిది.

ఇంట్లో 20 బోరు తుపాకీ కూడా ఉందా? అయితే రెంటి తూటాలనూ ఒకే డబ్బాలో పెట్టకండి. 20 బోరు తూటా 12 బోరు ఛాంబరులోంచి జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. పేలలేదని అనుకుని వెనక 12 బోరు తూటా పెట్టి నొక్కితే గొట్టం పగులుతుంది. పట్టుకున్న చెయ్యి అక్కడే ఉంటుంది. ఈ గొడవ రాకుండానే 20 బోరు తూటాలకు పసుపు రంగు వేసే అలవాటు వచ్చింది.

పేర్లు బ్రిటిష్ వాళ్లవి, వీడియోలు అమెరికా వాళ్లవి

మన దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది పుణె దగ్గరి ఖడ్కీ ఆమ్యునిషన్ ఫ్యాక్టరీ చేసే శక్తిమాన్ తూటా. 1869లో మొదలైన ఫ్యాక్టరీ అది. 2021 అక్టోబరులో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును విడగొట్టాక మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్ కిందికి వచ్చింది. దిగుమతి తూటాలు ఎక్కడో కనిపిస్తాయి గానీ, వాటి మీద ఆశ పెట్టుకుని తుపాకీని సిద్ధం చేసుకోవడం కుదరదు. ఎంచుకోవాల్సింది అటు ఇటుగా ఈ నాలుగైదు రకాల్లోనే.

పేర్లు బ్రిటిష్ పద్ధతిలో ఉంటాయి. ఎల్‌జీ పెల్లెట్ అడ్డకొలత సుమారు 9 మిల్లీమీటర్లు, ఔన్సుకు ఆరు తూగుతాయి. ఎస్‌జీ 8.4 మిల్లీమీటర్లు, ఔన్సుకు ఎనిమిది. ఏఏఏ 5 మిల్లీమీటర్ల పైచిలుకు, ఔన్సుకు 35. బీబీ 4 మిల్లీమీటర్లు, ఔన్సుకు 70. నాలుగో నంబరు ఔన్సుకు 170, ఆరో నంబరు 270. అంకె పెరిగే కొద్దీ గింజ చిన్నదవుతుంది. బాల్ తూటాలో ఒకటే గుండు.

అమెరికా వాళ్లు డబుల్ ఆట్ బక్ అనేది ఇంచుమించు మన ఎస్‌జీయే. అక్కడిదాకా ఇబ్బంది లేదు. కానీ వాళ్లు "నంబర్ ఫోర్ బక్ ఇంటికి మంచిది" అంటే అది 6 మిల్లీమీటర్ల గింజ. మన దుకాణంలో నాలుగో నంబరు అడిగితే 3 మిల్లీమీటర్ల పిట్టల గింజ చేతిలో పెడతారు. రెండింటికీ బరువులో ఎనిమిది రెట్ల తేడా. వీడియో చూసి నంబరు రాసుకుని దుకాణానికి వెళ్లేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ఏది ఎంత లోపలికి పోతుంది, ఎంత దూరం పోతుంది

ఆగంతకుడిని ఆపడం అంటే పెల్లెట్ శరీరంలో తగినంత లోతుకు పోవడం. అమెరికాలో ఎఫ్‌బీఐ తూటాలను జెలటిన్ దిమ్మెలో (శరీర కండకు బదులుగా వాడేది) పరీక్షించేటప్పుడు కనీసం 12 అంగుళాలు, గరిష్ఠంగా 18 అంగుళాలు పోవాలని చూస్తుంది. ఎస్‌జీ ఆ కనీసాన్ని సులభంగా అందుకుంటుంది. ఆరో నంబరు దాదాపు సగం దగ్గరే ఆగిపోతుంది. దగ్గరి నుంచి తగిలితే గాయం భయంకరంగా ఉంటుంది, అయినా పైపైనే ఉంటుంది. కత్తి పట్టుకుని వచ్చినవాడు ఆ గాయంతోనే ఇంకో నాలుగు అడుగులు వేయగలడు. "చిన్న గింజలైతే చావడు, భయపడి పారిపోతాడు" అనే మాట మన వైపు తరచు వినపడుతుంది. ఆ మాట రెండు రకాలా తప్పు. అయిదారు అడుగుల దూరంలో చిన్న గింజల తూటా కూడా ముద్దగా తగిలి ప్రాణం తీస్తుంది. కొంచెం దూరమైతే ఆపాల్సినప్పుడు ఆపదు.

ఇక విస్తరణ. తుపాకీ పేలగానే పెల్లెట్లు గది నిండా పరుచుకుంటాయనుకోవడం సినిమా చూసి నేర్చుకున్నది. చోక్ (మూతి దగ్గర గొట్టాన్ని ఇరుకు చేయడం) లేని గొట్టంలో గజానికి అంగుళం చొప్పున విచ్చుకుంటాయని మోటుగా ఒక లెక్క ఉంది. పదిహేను అడుగుల హాల్లో ఆ ఎడం అరచేయి దాటదు. గురి పెట్టాల్సిందే. డబుల్ బ్యారెల్ తుపాకుల్లో సాధారణంగా కుడి గొట్టం కొంచెం వదులుగా, ఎడమది బిగుతు చోక్‌తో ఉంటాయి. ముందు ట్రిగ్గరు కుడి గొట్టానిది. ఇంట్లో అవసరం పడితే అదే పనికొచ్చే గొట్టం. బాల్ తూటాను బిగుతు చోక్ ఉన్న గొట్టంలో వేయొచ్చని పెట్టె మీద స్పష్టంగా ఉంటే తప్ప వేయకండి.

గురి తప్పిన పెల్లెట్ ఎక్కడిదాకా పోతుందన్నది డెల్టాలో ఎక్కువ ఆలోచించాల్సిన సంగతి. అంతా చదును నేల. ఒక గుట్ట లేదు, ఒక మెరక లేదు. కాలువ గట్ల వెంట ఇల్లు తర్వాత ఇల్లు. గుండ్రటి సీసపు గింజ గరిష్ఠ దూరానికి ఒక పాత లెక్క ఉంది: అడ్డకొలతను అంగుళాల్లో తీసుకుని 2200తో గుణిస్తే గజాలొస్తాయి. ఆ లెక్కన ఆరో నంబరు రెండువందల మీటర్లు, బీబీ మూడొందల పైన, ఎస్‌జీ ఆరువందల పైన, ఎల్‌జీ ఏడువందల పైన. బాల్ అయితే కిలోమీటరు దాటగలదు. చెరువు నీటి మీద ఏటవాలుగా తగిలిన పెల్లెట్ మునగదు, ఎగిరి ముందుకు పోతుంది. గాల్లోకి కాల్చి బెదిరిద్దామనుకునేవాళ్లు ఈ అంకెలు మరోసారి చదవాలి.

మండువా ఇంటికి, స్లాబు ఇంటికి, రేకుల షెడ్డుకు

స్లాబు ఇల్లు, ఇటుక గోడలు, ఊళ్లో మామూలు ఇల్లు అయితే నా ఓటు ఎస్‌జీకే. గోడ ఆపుతుంది. ఆపనిది తలుపు. పాత టేకు తలుపే ఎస్‌జీని నమ్మకంగా ఆపదు, ఇప్పటి ఫ్లష్ డోర్లను లెక్కే చేయదు. నాలుగున్నర అంగుళాల పార్టిషన్ గోడకు సరిగ్గా ప్లాస్టరింగ్ లేకపోతే దాన్నీ పూర్తిగా నమ్మకండి. గ్రానైట్ నేల మీద, సిమెంటు గోడకు ఏటవాలుగా తగిలిన పెల్లెట్లు పక్కకు జారి పోతాయి.

ఎల్‌జీ దీనికన్నా మెరుగు కాదా అని అడుగుతారు, పెద్ద గింజ కదా అని. ఎస్‌జీయే కావలసిన లోతుకు పోతున్నప్పుడు ఎల్‌జీ ఇచ్చే అదనపు లోతు ఎవరికీ పనికిరాదు, అది అవతలి గదికి పోతుంది. పైగా ఔన్సుకు రెండు గింజలు తగ్గుతాయి. దుకాణంలో ఎల్‌జీ తప్ప ఏమీ లేదంటే ఇంకో నెల ఆగి ఎస్‌జీ తెప్పించుకోమంటాను. ఇంటి లోపలికి బాల్ తూటా గురించి చర్చే వద్దు.

మండువా లోగిలి సంగతి వేరు. అక్కడ ఏ గదిలోంచి చూసినా మండువాకు అవతల ఇంకో గది తలుపు కనిపిస్తుంది. అంటే మండువా మీదుగా ఏ దిక్కుకు పేల్చినా ఇంట్లోవాళ్ల వైపే పేల్చినట్టు. దూరం పాతిక ముప్పై అడుగులు ఉంటుంది. అప్పటికి పెల్లెట్ల ఎడం జానెడు దాటుతుంది, ఒకటి రెండు మనిషి పక్కగా పోవచ్చు. ఇలాంటి ఇంట్లో తూటా మార్చడం కన్నా మనుషుల్ని మార్చడం ముఖ్యం. రాత్రి అలికిడైతే అందరూ ఒకే గదిలోకి చేరాలని ముందే అనుకోవాలి. ఆ గది తలుపు వీధి సావిడి వైపు చూసేదై ఉంటే మేలు. తుపాకీ ఉన్న మనిషి కూడా ఆ గదిలోనే, 112కు ఫోన్ చేసి, తలుపు మీద గురితో కూర్చోవాలి. అప్పుడు ముందున్నది ఒకటే దిక్కు, ఆ దిక్కులో మనవాళ్లెవరూ లేరు. ఈ ఏర్పాటు ఉంటే మండువా ఇంటికీ ఎస్‌జీయే. ఇది కుదరని ఇంట్లో, పిల్లలు ఒక చోట, పెద్దవాళ్లు ఒక చోట పడుకునే ఇంట్లో, ఏఏఏ గానీ బీబీ గానీ రాజీ తూటాగా ఆలోచించవచ్చు. పది పన్నెండు అడుగుల లోపు అవి గట్టిగానే పనిచేస్తాయి, తలుపు దాటాక ఎస్‌జీ కన్నా త్వరగా నీరసిస్తాయి. లోతు తగ్గుతుందన్న నష్టాన్ని తెలిసే ఒప్పుకోవాలి.

చెరువు గట్టు మీది రేకుల షెడ్డుకు మాత్రం నేను ఏ తూటా చెప్పను. రేకు ఏ గింజనూ ఆపదు, పక్క గట్టు మీద ఇంకొకరి కాపలావాడు ఉంటాడు. యజమాని పేరు మీదున్న తుపాకీని, లైసెన్సులో రిటైనరుగా (యజమాని తరఫున తుపాకీ పట్టే మనిషిగా) పేరు లేని కాపలావాడి చేతికి ఇవ్వడమే నేరం. నీటికాకుల్నీ, కొంగల్నీ తోలడానికని నాలుగో నంబరు, ఆరో నంబరు కొని పెట్టుకునేవాళ్లున్నారు. వాటిని కాల్చితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు. పిట్టల కోసం కొన్న ఆ పెట్టే తర్వాత "ఇంటి రక్షణ" పెట్టెగా మారుతుంది. చాలా బీరువాల్లో ఆరో నంబరు ఉండటానికి కారణం అదే.

ఇంట్లో పెద్దావిడే తుపాకీ పట్టాల్సిన పరిస్థితి ఉంటే తుపాకీ వెనక్కి తన్నే దెబ్బ కూడా లెక్కలోకి వస్తుంది. తేలికపాటి సింగిల్ బ్యారెల్ తుపాకీలో 70 మిల్లీమీటర్ల బరువు తూటా భుజానికి గట్టిగా తన్నుతుంది. 65 మిల్లీమీటర్లలో ఎస్‌జీ దొరికితే, తక్కువ సీసం బరువున్నది చూసి తీసుకోండి. 70 ఛాంబరులో 65 తూటా వేయడానికి అడ్డం లేదు. మూసిన గదిలో ఏ తూటా పేలినా చెవులు గింగురుమంటాయి, ఆ తర్వాత కాసేపు ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాలో అంతకుముందే చెప్పి ఉంచాలి.

చట్టం ఏ తూటా వెనకైనా వస్తుంది

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. ఆత్మరక్షణ హక్కు దాని 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లలో ఉంది. ఆస్తిని కాపాడుకోవడానికి ప్రాణం తీసేదాకా పోగలిగే సందర్భాలను 41వ సెక్షన్ చెబుతుంది: దోపిడీ, పొద్దు గుంకిన తర్వాత పొద్దు పొడవక ముందు ఇల్లు పగలగొట్టి చొరబడటం, నివాసానికి నిప్పు పెట్టడం, చావో తీవ్రగాయమో తప్పదని భయపడే పరిస్థితుల్లో దొంగతనం. వీటికి కూడా 37వ సెక్షన్ కళ్లెం ఉంది. పోలీసుల్ని పిలిచే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదు, అవసరానికి మించిన హాని చేయకూడదు.

దీన్ని మన చెరువులకు అన్వయించుకోండి. అర్ధరాత్రి వల వేసి రొయ్యలు పట్టుకుపోతున్నవాడు మామూలు దొంగ. వాడి మీద పేల్చి ప్రాణం తీస్తే 41 మిమ్మల్ని కాయదు. పారిపోతున్నవాడి వీపు మీద పేల్చినా అంతే. పంట పోయిన కడుపుమంట కోర్టు దగ్గర చెల్లదు.

2019 సవరణ తర్వాత ఒకరి పేరు మీద రెండు తుపాకులకు మించి ఉండకూడదు, అంతకుముందు మూడు ఉండేవి. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లయింది. పెళ్లి ఊరేగింపుల్లో సరదాకు పేల్చడం, నిర్లక్ష్యంగా పేల్చడం విడిగా నేరమయ్యాయి. రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఒకేసారి ఎన్ని తూటాలు దగ్గర ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనొచ్చు అన్న రెండు అంకెలు మీ లైసెన్సు మీదే ఉంటాయి. ఎస్‌జీకి మారాలంటే ముందు పాతవాటి లెక్క తేలాలి. ఖాళీ తూటాలను ఇంట్లో మళ్లీ మందు కూరి నింపే ముచ్చట అసలు వద్దు. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం ఆయుధ చట్టం కింద పెద్ద నేరం.

ఉప్పుగాలికి తూటా నిలవదు

అంతర్వేది, ఓడలరేవు వైపు ఇనప గేటు ఎన్నాళ్లుంటుందో తెలిసినవాళ్లకు తూటా సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. పాత కాగితపు గొట్టం తూటాలు తేమకు ఉబ్బి ఛాంబరులో ఇరుక్కుంటాయి. పేలాక బయటికి రాకుండా మొరాయిస్తాయి. ఇత్తడి అడుగు చిలుము పడుతుంది. కొనేటప్పుడు ప్లాస్టిక్ గొట్టం ఉన్నవే తీసుకోండి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, తుపాకీతో కాకుండా వేరే తాళంలో ఉంచండి. అటక మీద పెట్టొద్దు. వేసవిలో పెంకు కింద అక్కడి వేడి మందుకు మంచిది కాదు. తుపాకీకి నూనె పెట్టిన చేత్తో తూటాలు తుడవకండి. నూనె అడుగున ప్రైమరులోకి (మందుకు నిప్పంటించే భాగం) దిగితే తూటా పేలకపోవచ్చు.

వరద నీళ్లలో మునిగిన తూటాను ఎండబెట్టి దాచుకోవడం దండగ. కాలువలోనో గోదాట్లోనో పారేయడం ఇంకా తప్పు, లైసెన్సు లెక్కలో అది మీ దగ్గర ఉన్నట్టే. దుకాణంలోనో పోలీస్ స్టేషన్లోనో అడిగి రాతపూర్వకంగా అప్పగించండి. బాగున్న తూటాలనైనా కొన్నేళ్లకోసారి రైఫిల్ క్లబ్ రేంజిలో పేల్చి కొత్తవి తెచ్చుకుంటే, ఎస్‌జీ మీ తుపాకీలోంచి పదిహేను అడుగులకు ఎంత విచ్చుకుంటుందో కూడా కాగితం మీద చూసుకోవచ్చు. నొక్కినా పేలకపోతే గొట్టాన్ని మనుషులు లేని వైపే ఉంచి అర నిమిషం ఆగి తెరవాలి. కొన్ని ఆలస్యంగా పేలతాయి.

ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు తుపాకుల్ని స్టేషన్లో అప్పగించమని పిలుపు వస్తుంది. 2024 మే 13 పోలింగుకు ముందూ అలాగే వచ్చింది. తుపాకీతో పాటు తూటాలు కూడా అప్పగిస్తే రసీదులో రకం, సంఖ్య, పొడవు రాయించుకోండి. తిరిగి తెచ్చుకున్నప్పుడు మీ 65 ఎస్‌జీ స్థానంలో ఇంకొకరి 70 ఎల్‌జీ రాలేదని అక్కడే, గడప దాటకముందే చూసుకోవాలి.